చిట్టా, ఆవర్జా, జ్ఞాపకం: పూర్ణా మార్కెట్ పరిసర కుటుంబ చరిత్రల నమోదుకు ప్రమాణాలు

వ్యాస సంగ్రహం

కుటుంబ చరిత్రను పరిశోధనగా అంగీకరించాలంటే అందులోని ప్రతి వాక్యానికీ ఆధారపు జాడ కనిపించాలి. విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్ పరిసరాలను క్షేత్రంగా తీసుకుని, వర్తకుల లెక్కల పద్ధతి, 1872 నాటి సాక్ష్య చట్టం, వంశచరిత్రకారుల అంతర్జాతీయ ప్రమాణాలు ఎక్కడ కలుస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పేరు, కాలం, స్థలం, బంధుత్వం నమోదు చేయడంలో తెలుగు కుటుంబాల విషయంలో ఎదురయ్యే చిక్కులను చర్చిస్తుంది. కాగితం లేని కుటుంబాల మౌఖిక సాక్ష్యానికి నమోదు ప్రమాణాన్ని సడలించకూడదనీ, మరింత కట్టుదిట్టం చేయాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కుటుంబ చరిత్ర, వంశావళి, చిట్టా, ఆవర్జా, ఇంటిపేరు, ఫసలీ, మౌఖిక సాక్ష్యం, పూర్ణా మార్కెట్, విశాఖపట్నం

ఉపోద్ఘాతం

విశాఖపట్నం పాతనగరంలో పూర్ణా మార్కెట్ తెల్లవారకముందే మేల్కొంటుంది. కూరగాయల బస్తాలు, పళ్ల గంపలు, కిరాణా సరుకులు దిగే వేళకు దుకాణదారు గల్లాపెట్టె ముందు కూర్చుంటాడు. దుర్గాలమ్మ గుడి, ఆ పక్కన బంగారు దుకాణాల కురుపాం మార్కెట్, ఇంకొంచెం అవతల డాబా గార్డెన్స్, ఇంకోవైపు వన్ టౌన్ వీధులు: నగరపు పాత వర్తక జీవితం చాలావరకు ఈ నడకదూరంలోనే సాగింది. 1866లో పురపాలక సంఘం ఏర్పడిన పట్టణం, 1933లో రేవు ప్రారంభమైన తరువాత రేవుపట్టణంగా, 1971లో శంకుస్థాపన జరిగిన కర్మాగారంతో ఉక్కునగరంగా మారింది. ప్రతి మలుపులోనూ చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుటుంబాలు వచ్చి చేరాయి. అందువల్ల ఇక్కడి దుకాణదారుల, కూలీల, గంపలతో కూరలమ్మే స్త్రీల కుటుంబ చరిత్రలు ఒక్క వీధికో ఒక్క ఊరికో పరిమితం కావు.

ఇటువంటి కుటుంబాల చరిత్ర రాసే ప్రయత్నాలు ఇటీవల పెరిగాయి. ఎమ్.ఫిల్., పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసాల అనుబంధాల్లో వంశవృక్షాలు కనిపిస్తున్నాయి. షష్టిపూర్తి సంచికల్లో ఏడు తరాల పట్టికలు అచ్చవుతున్నాయి. వీటిలో అత్యధిక భాగానికి ఉన్న లోపం ఒక్కటే: ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవు. తాతగారి తాతగారి పేరు ఉంటుంది. ఆ పేరు ఎవరు చెప్పారు, ఏ కాగితంలో ఉంది, ఆ కాగితం ఎందుకు పుట్టింది అన్న ప్రశ్నలకు జవాబు ఉండదు. ఇలాంటి పట్టికను ఇంకొకరు తమ వ్యాసంలో ఉదాహరిస్తారు. మూడో చేతికి చేరేసరికి అది నిర్ధారిత సత్యంగా చలామణీ అవుతుంది.

చిట్టా నుంచి ఆవర్జాకు

ఆధార వివేచన పాశ్చాత్య పరిశోధన పద్ధతితో కొత్తగా వచ్చిందనే అభిప్రాయం ఒకటి ఉంది. పూర్ణా మార్కెట్ వంటి బజారులో లెక్కలు రాసిన గుమాస్తాలను తలచుకుంటే ఆ అభిప్రాయం నిలవదు. తెలుగు వర్తకుల లెక్కల్లో రెండు ప్రధాన పుస్తకాలు. జరిగింది జరిగినట్టు ఏ రోజుకారోజు, వరుసక్రమంలో రాసేది చిట్టా. ఆ చిట్టాలోని పద్దులను మనిషి పేరున, ఖాతా వారీగా తిరగరాసేది ఆవర్జా. ఎవరి బాకీ ఎంతో తెలుసుకోవడానికి ఆవర్జా చూస్తారు. తగాదా వస్తే మాత్రం చిట్టా తీస్తారు. ఆవర్జా పద్దు పక్కన చిట్టా పుట సంఖ్య లేకపోతే ఆ పద్దును ఏ షావుకారూ ఒప్పుకోడు.

వంశవృక్షం స్వభావరీత్యా ఆవర్జా. అది ఎప్పుడూ తిరగరాతే, క్రోడీకరణే. జనన నమోదు, శుభలేఖ, దస్తావేజు, పెద్దల నోటిమాట, సమాధి ఫలకం చిట్టా వంటివి. కుటుంబ చరిత్ర నమోదు ప్రమాణాలన్నింటికీ మూలసూత్రం ఈ తేడాలోనే ఉంది: ఆవర్జాలోని ప్రతి పద్దూ చిట్టా పుటను చూపాలి.

గ్రామ లెక్కల్లోనూ ఈ వివేకం ఉంది. కల్నల్ కాలిన్ మెకంజీ (మరణం 1821) కోసం కావలి సోదరులు, వారి సహాయకులు సేకరించిన కైఫియత్తుల్లో స్థానిక కథనాలతో పాటు కరణాల దగ్గరి దండకవిలెల ప్రస్తావన తరచుగా వస్తుంది. చెప్పినది ఏ కవిలె మీద ఆధారపడిందో పేర్కొనడం అలవాటుగా ఉండేది. తరువాత సి.పి. బ్రౌన్ ఆ కైఫియత్తులకు నకళ్లు రాయించాడు. ఆ నకళ్లు లేకపోతే శిథిలమైన ప్రతుల్లోని సమాచారం పోయేదే. అయినా నకలును నకలుగానే పేర్కొనవలసి ఉంటుంది. నకలు చూసి మూలం చూసినట్టు రాయడం ఈనాటి వంశచరిత్రల్లో సర్వసాధారణమైన దోషం.

చట్టం చెప్పిన కొలమానం

కుటుంబ సంబంధాలను రుజువు చేయడం గురించి భారత సాక్ష్య చట్టం (1872) చేసిన ఆలోచనను తెలుగు పరిశోధకులు అంతగా వాడుకోలేదు. ఆ చట్టం 32వ సెక్షన్‌లోని అయిదో ఖండం రక్తసంబంధం, వివాహం, దత్తతల గురించి చనిపోయిన వ్యక్తి చెప్పిన మాటను సాక్ష్యంగా అంగీకరిస్తుంది. అందుకు రెండు షరతులు ఉన్నాయి. ఆ వ్యక్తికి ఆ సంబంధం గురించి తెలుసుకునే ప్రత్యేక అవకాశం ఉండాలి. ఆ మాట వివాదం తలెత్తకముందే చెప్పినదై ఉండాలి. ఆరో ఖండం వీలునామాలు, కుటుంబ వ్యవహారాల దస్తావేజులు, వంశావళులు, సమాధి రాళ్లు, కుటుంబ చిత్తరువుల మీది రాతలనూ ఈ కోవలోకి తెస్తుంది. 34వ సెక్షన్ క్రమం తప్పకుండా రాసిన లెక్కల పుస్తకాలను పరిగణిస్తూనే, అవి మాత్రమే ఒకరిపై బాధ్యత మోపడానికి చాలవని అంటుంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ సూత్రాలు కొనసాగాయి.

'వివాదం తలెత్తకముందే' అన్న షరతు చరిత్రకారుడికి చాలా విలువైనది. ఆస్తి పంపకాల దావాలో దాఖలు చేయడానికి తయారైన వంశావళి ఎంత సవివరంగా ఉన్నా, ఒక పక్షం అవసరం కోసం పుట్టినది. అదే కుటుంబంలో పాతికేళ్లు ముందు అచ్చయిన పెళ్లి శుభలేఖలో ఆహ్వానించేవారి పేర్లు, వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, తేదీ ఉంటాయి. ఎవరికీ ఏదీ రుజువు చేయాలన్న ఉద్దేశం దానికి లేదు. దావా వంశావళి కంటే ఆ పసుపు రాసిన కాగితానికి ఎక్కువ బరువు ఇవ్వవలసి ఉంటుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు శుభలేఖలను సేకరించకపోవడం ఒక పెద్ద లోటు.

అమెరికాలో 1964లో ఏర్పడిన వంశచరిత్రకారుల ధ్రువీకరణ మండలి తన ప్రమాణ గ్రంథాన్ని 2000లో వెలువరించింది. అది కోరేవి అయిదు: సాధ్యమైనంత సమగ్రమైన అన్వేషణ, ప్రతి సమాచారానికీ పూర్తి ఆధార సూచన, ఆధారాల విశ్లేషణ, పరస్పర విరుద్ధ సాక్ష్యాల పరిష్కారం, హేతుబద్ధంగా రాసిన నిర్ణయం. ఎలిజబెత్ షోన్ మిల్స్ 2007 నాటి గ్రంథం ఆధార సూచనలు ఎలా రాయాలో విస్తారంగా చూపింది. చిట్టా రాసిన గుమాస్తాకు ఈ అయిదింటిలో మొదటి మూడు కొత్త కావు. తెలుగు కుటుంబ చరిత్రల్లో దాదాపుగా కనిపించనిది నాలుగోది. రెండు ఆధారాలు విరుద్ధంగా ఉంటే నచ్చినదాన్ని ఉంచి రెండోదాన్ని నిశ్శబ్దంగా వదిలేయడం జరుగుతోంది. వదిలేసిన ఆధారమేమిటో, ఎందుకు వదిలేశారో రాయడం నమోదులో భాగమే.

పేరు

ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి పూర్ణా మార్కెట్‌కు కూతవేటు దూరంలోని డాబా గార్డెన్స్ మంచి ఉదాహరణ ఇస్తుంది. గోడే వెంకట జగ్గారావు (1817–1856) 1840లో అక్కడ సొంత ఖగోళ పరిశోధనాలయాన్ని స్థాపించాడు. ఆయన తరువాత దాన్ని నడిపినవాడు అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827–1892). 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని విశాఖపట్నం నుంచి పరిశీలించినవాడు ఈయనే. లండన్ ఖగోళ పత్రికల్లో ఈయన పేరు 'ఎ.వి. నర్సింగ్ రో' అనీ, మామగారి పేరు 'జి.వి. జగ్గరో' అనీ అచ్చయ్యాయి. తెలుగు తెలియని పాఠకుడికి ఆ 'నర్సింగ్' అన్న మాట ఏమి స్ఫురింపజేసి ఉంటుందో చెప్పనక్కరలేదు. నరసింగరావు కుమారుడికి మాతామహుడి పేరే పెట్టారు: అంకితం వెంకట జగ్గారావు.

ఒకే పట్టణం, ఒకే ఇల్లు, ఒకే పరిశోధనాలయం, రెండు తరాల ఎడంతో ఇద్దరు వెంకట జగ్గారావులు. ఇద్దరినీ వేరు చేసేది ఇంటిపేరు ఒక్కటే. అచ్చులో అది ఒక్క అక్షరంగా, 'జి', 'ఎ' అని మాత్రమే మిగిలింది. ఆ అక్షరం జారిపోతే తాత, మనవడు ఒక్కరైపోతారు. ఇద్దరి పనులూ ఒకరి ఖాతాలో పడతాయి. ప్రసిద్ధ కుటుంబం కనుక ఇక్కడ పొరపాటును సరిచేయడానికి వేరే ఆధారాలు ఉన్నాయి. బజారులో ఉల్లిపాయల వ్యాపారం చేసుకున్న కుటుంబంలో తాత పేరు పెట్టుకున్న మనవడి విషయంలో ఆ అవకాశం ఉండదు.

దీని నుంచి నమోదుకు కొన్ని నియమాలు తేలుతాయి. పేరును ఆధారంలో ఉన్న లిపిలో, ఉన్న వర్ణక్రమంలో ముందు ఎత్తిరాయాలి. పరిశోధకుడు చదివిన తెలుగు రూపాన్ని దాని పక్కన వేరుగా ఇవ్వాలి. ఆంగ్ల లిపిలో త-ట, ద-డ, ల-ళ, న-ణ తేడాలు మాసిపోతాయి. కనుక ఆంగ్ల రికార్డు నుంచి తెలుగులోకి తెచ్చిన ఇంటిపేరు నిర్ధారణ కాదు, ఊహ. పొడి అక్షరాన్ని విస్తరించినప్పుడు ఆ విస్తరణకు ఆధారం చూపాలి. స్త్రీల విషయంలో పుట్టింటి ఇంటిపేరు ముందు, మెట్టినింటి ఇంటిపేరు తరువాత, వివాహ కాలంతో సహా నమోదు కావాలి. దత్తపుత్రుడి విషయంలోనూ అంతే. ఇల్లరికపు అల్లుడు, అతని సంతానం ఏ ఇంటిపేరుతో వ్యవహరించారన్నది ఒక్కో ఆధారంలో ఒక్కోలా ఉండవచ్చు. దాన్ని ఏకరూపం చేయకూడదు.

పేరే లేని నమోదులూ ఉన్నాయి. 1899 నాటి మద్రాసు చట్టం కిందా, 1969 నాటి కేంద్ర చట్టం కిందా నడిచిన జనన రిజిస్టర్లలో శిశువు పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. ఇరవై ఒకటో రోజున బారసాల జరిపే ఇళ్లలో నమోదు చేసే నాటికి శిశువుకు పేరు పెట్టి ఉండరు. 'ఫలానావారి మగశిశువు' అన్న పద్దును ఆ దంపతుల కొడుకుల్లో ఒకరికి అంటగట్టేముందు, పసితనంలోనే పోయిన బిడ్డలు ఉన్నారా అని విచారించాలి. మరణ రిజిస్టరు చూడకుండా జనన రిజిస్టరును నమ్మడం ఒంటికాలి నడక.

కాలం

తెలుగు కుటుంబాల జ్ఞాపకం కాలాన్ని నమోదు చేసే తీరు విచిత్రమైనది. ఆబ్దికం తిథి ప్రకారం పెట్టాలి కనుక, తాత పోయిన మాసం, పక్షం, తిథి మూడు తరాల తరువాత కూడా చెక్కుచెదరకుండా ఉంటాయి. సంవత్సరం మాత్రం ఎవరికీ గుర్తుండదు. పరిశోధకులు చేసే పొరపాటు ఏమిటంటే, సంవత్సరం తెలియనందున మొత్తం మాటనే అవిశ్వసనీయంగా పక్కన పెట్టడం. తిథికి వారం కూడా తోడైతే పంచాంగ గణన ద్వారా సాధ్యమైన సంవత్సరాల సంఖ్య బాగా తగ్గిపోతుంది. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా పలకవలసి ఉండటం, వివాహంలో ప్రవర చెప్పడం కూడా అనుష్ఠాన రూపంలోని నమోదులే. ఇవి అందరి ఇళ్లలో లేవు, ఉన్న ఇళ్లలోనూ మూడు తరాల పైకి పోవు.

కాలగణన చిక్కుకు 1942 ఏప్రిల్ 6ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ సోమవారం జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. పాతనగరంలో పెద్దల వయసు లెక్కలన్నీ చాలాకాలం ఆ రోజు చుట్టూ తిరిగాయి. 'మామ్మ బాంబులు పడిన ఏడు పుట్టింది' అన్న మాటను వంశవృక్షంలో '1942' అని రాసేస్తే మూడు తప్పులు జరిగే అవకాశం ఉంది. తెలుగు సంవత్సరం ప్రకారం అది చిత్రభాను: 1942 మార్చి మధ్యలో మొదలై 1943 ఏప్రిల్ తొలినాళ్ల దాకా నడిచింది. రెవెన్యూ లెక్కల ప్రకారం ఏప్రిల్ 6 ఫసలీ 1351లోకి వస్తుంది. జులై 1న ఫసలీ 1352 మొదలయింది. పురపాలక రిజిస్టరు ఆంగ్ల సంవత్సరాన్ని అనుసరించింది. చెప్పిన మనిషి ఏ ఏడును ఉద్దేశించిందో అడిగి తెలుసుకోవాలి. అడగడానికి ఆమె లేకపోతే 1942 జనవరి నుంచి 1943 ఏప్రిల్ వరకు అనే విస్తృతినే నమోదు చేయాలి.

అంతకంటే ముఖ్యమైన విషయం, బాంబుదాడి తరువాత పట్టణం చాలావరకు ఖాళీ అయింది. జనం బంధువుల ఊళ్లకు తరలిపోయారు. ఆ నెలల్లో పుట్టిన బిడ్డ పేరు విశాఖ పురపాలక రిజిస్టరులో లేకపోవడం ఆ బిడ్డ పుట్టలేదనడానికీ, జ్ఞాపకం తప్పనడానికీ సాక్ష్యం కాదు. తల్లి పుట్టింటి ఊరి లెక్క వెదకాలి. దొరకనిదాన్ని కూడా నమోదు చేయాలి: ఏ రిజిస్టరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చూశారో, ఏ పుటలు చిరిగి ఉన్నాయో రాస్తే తరువాత వచ్చేవారికి శ్రమ తప్పుతుంది.

ప్రభవాది సంవత్సరాలు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. నందన కరువు అంటే 1832–33 అనీ, ధాత కరువు అంటే 1876లో మొదలైనదనీ చరిత్ర విద్యార్థులకు తెలుసు. ఒక కుటుంబం 'నందనలో ఊరు వదిలి వచ్చాం' అంటే మాత్రం 1832–33, 1892–93 రెండూ సాధ్యమే. తరాల సంఖ్యతో సరిచూడకుండా ప్రసిద్ధమైన కరువును ఎంచుకోవడం చాలా కుటుంబ చరిత్రల్లో జరుగుతున్నది. కథ గంభీరంగా ఉంటుంది, అరవై ఏళ్లు తప్పిపోతుంది. బడి రిజిస్టర్లలోని పుట్టినతేదీలకు మరో జబ్బు ఉంది. జులై 1 అన్న తేదీ ఎక్కడ కనిపించినా, అది ప్రవేశం నాడు వయసు సరిపెట్టడానికి రాసినది కావచ్చని అనుమానించాలి.

స్థలం

ఊరి పేరు మారకపోయినా దాని పైనున్న జిల్లా మారుతూ వచ్చింది. శ్రీకాకుళం ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలో, ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1950లో వేరు జిల్లా అయింది. 1979లో విజయనగరం జిల్లా, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలు వచ్చాయి. పాత ఆధారంలోని 'గంజాం' అన్న మాట చూసి ఈనాటి ఒడిశా జిల్లాకు వెళ్లినవారు దారి తప్పుతారు. ఆధారం పుట్టిన నాటి పాలనా విభాగాన్ని ముందు రాసి, ఈనాటి విభాగాన్ని దాని పక్కన వేరుగా చేర్చడం తప్పనిసరి.

ఈ జాగ్రత్త సముద్రాల అవతలి తెలుగువారికి మరీ అవసరం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' నౌక దర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నేటాల్‌కు 1,52,184 మంది భారతీయ ఒప్పంద కూలీలు వెళ్లారు. వారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవారు చాలామంది. నౌకల జాబితాల్లో ఒక్కొక్కరికీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉన్నాయి. పూర్ణా మార్కెట్‌లో గంప దించిన మనిషి గురించి స్వదేశంలో ఇంత వివరమైన కాగితం పుట్టలేదు. దేశం విడిచిన కూలీ ఎవరో తెలుసు, ఊళ్లో మిగిలిన అతని తమ్ముడు ఎవరో తెలియదు. మారిషస్‌కు వెళ్లినవారి రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఆ జాబితాల్లో ఇంటిపేరుకు గడి లేదు. తండ్రి పేరో, 'నాయుడు' వంటి గౌరవవాచకమో అక్కడ వంశనామంగా స్థిరపడింది. దక్షిణాఫ్రికా నుంచి తమ ఊరు వెదుకుతూ వచ్చేవారికి ఇక్కడివారు చేసే 'సహాయం' కొన్నిసార్లు ప్రమాదకరం. పేరు కలిసిందని ఒక ఇంటికి తీసుకువెళ్లి బంధుత్వం కలిపేస్తారు. ఊరు, తండ్రి పేరు, వయసు, కులం అన్నీ సరిపోలినా అది సంభావ్యతే. నమోదులో 'సంభావ్యం', 'నిర్ధారితం' అన్న మాటలను వేరువేరుగా వాడాలి.

స్వదేశంలోని భూమి లెక్కల విషయంలో ఒక మాట. జమీందారీ ప్రాంతం కనుక ఈ జిల్లాలో చాలా గ్రామాల రైతుల వివరాలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే ప్రభుత్వ రికార్డుల్లోకి క్రమంగా చేరాయి. ఇనాం భూములున్న కుటుంబాలకు 19వ శతాబ్దపు ఇనాం కమిషన్ రిజిస్టర్లు ఉపకరిస్తాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయిన తరువాత ఇళ్లలో ఉండిపోయిన పాత లెక్కలు ఎన్ని చెదలపాలయ్యాయో లెక్కలేదు. దొరికినవాటిని ఛాయాచిత్రం తీసేటప్పుడు కట్ట మీది చీటీని, అట్టను, వెనకపుటను కూడా తీయాలి. అసలు కాగితం ఎవరి దగ్గర ఉందో ఆధార సూచనలో రాయాలి.

బంధుత్వం

మామ అనే ఒక్క మాట మేనమామకు, మేనత్త భర్తకు, పిల్లనిచ్చిన మామకు చెల్లుతుంది. మేనరికం జరిగిన ఇంట్లో మేనమామే మామగారు అవుతాడు. పెదనాన్న అన్నది తండ్రి సొంత అన్నే కానక్కరలేదు, పెదతాత కొడుకూ కావచ్చు. ఈ పిలుపులను విన్నవి విన్నట్టు రాసుకుని, ఆ తరువాత 'ఎవరి కొడుకు, ఎవరి కూతురు' అన్న ప్రశ్నతో విడదీయాలి. ముఖాముఖిలో పరిశోధకుడు నేరుగా 'మీ తండ్రిగారి అన్నగారా?' అని అడిగితే చెప్పేవారు మర్యాదకు అవునంటారు. 'ఆయన మీకు ఏమవుతారు? ఆయన తల్లి ఎవరు?' అని అడిగితే నిజం బయటపడుతుంది.

మేనరికాలున్న వంశాన్ని చెట్టుగా గీయలేము. కొమ్మలు మళ్లీ కలుస్తాయి. ఒకే స్త్రీ ఒక బిడ్డకు తండ్రి వైపు నుంచి నాయనమ్మ, తల్లి వైపు నుంచి అమ్మమ్మ తల్లి కావచ్చు. కంప్యూటరు పట్టికలో ఆమె రెండుచోట్ల ఇద్దరు మనుషులుగా నమోదయ్యే ప్రమాదం ఉంది. వ్యక్తికొక సంఖ్య ఇచ్చి, సంబంధాలను ఆ సంఖ్యలతో చూపడం మేలు. నేటాల్ గుమాస్తాలు కూలీల గుర్తింపు కోసం చేసిన పని ఇక్కడ పనికివస్తుంది.

ఆర్ కార్డు

బంధుత్వ నమోదు ఎంత దూరం పోతుందో ఉక్కునగరపు అనుభవం చూపుతుంది. కర్మాగారం కోసం భూములు, ఇళ్లు కోల్పోయిన గ్రామాల కుటుంబాలకు ఆర్ కార్డులు ఇచ్చారు. పునరావాసానికీ, ఉద్యోగార్హతకూ ఆ కార్డు ఆధారమయింది. నిర్వాసితుల ఇళ్లలో ఆ కాగితాన్ని ఇప్పటికీ బీరువాలో దాచుకుంటారు. భూసేకరణ నాటికి ఎవరిది వేరు కుటుంబం, ఎవరు ఎవరి కొడుకు, ఎవరికి ఎన్నేళ్లు అన్న ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు రెండు తరాల బతుకును నిర్ణయించాయి. ఇటువంటి కాగితాన్ని చదివేటప్పుడు అది ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో మరచిపోకూడదు. పరిహారం కోసం నిర్వచించిన కుటుంబం, ఒకే పొయ్యి మీద వండుకున్న కుటుంబం ఒకటే అయి ఉండవలసిన అవసరం లేదు.

ఇక్కడ పరిశోధకుడి బాధ్యత రెండింతలు. అతను అచ్చువేసిన వంశావళిని రేపు ఎవరైనా వారసత్వ ధ్రువపత్రానికో కుల ధ్రువపత్రానికో జత చేయవచ్చు. తప్పు సంబంధం రాస్తే నష్టపోయేది జీవించి ఉన్న మనిషి. అందుకే బతికి ఉన్నవారి పుట్టినతేదీలు, దత్తత వివరాలు, వివాహ వివాదాలు వారి లిఖిత సమ్మతి లేకుండా ప్రచురించకూడదు. సమ్మతి పత్రం కూడా ఆధారాల దస్త్రంలో ఉండాలి.

ఆశీలు చీటీ

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఏదో ఒక కాగితం ఉన్న కుటుంబాలకు వర్తిస్తాయి. పూర్ణా మార్కెట్‌లో చిట్టా రాసిన దుకాణం ముందే, నేల మీద గోనెపట్టా పరచుకుని ఆకుకూరలు అమ్మే స్త్రీ ఉంటుంది. ఆమె వ్యాపారానికి పుట్టే కాగితం ఒక్కటే: ఆశీలు చీటీ. దాని మీద సొమ్ము ఉంటుంది, పేరు ఉండదు. ఆమె రోజూ అక్కడ ఉందనడానికి సాక్ష్యం ఉంది, ఆమె ఎవరన్నదానికి లేదు. ఎదుటి షావుకారు చిట్టాలో ఆమె అరువు పద్దు ఉన్నా, అది ఊరి పేరుతోనో పిలుపు పేరుతోనో ఉంటుంది.

కాగితాన్నే ప్రమాణంగా తీసుకుంటే బజారులో సగం మందికి కుటుంబ చరిత్ర ఉండదు. దీనికి సానుభూతితో కొందరు పరిశోధకులు చూపే పరిష్కారం, మౌఖిక కథనాన్ని ప్రశ్నించకుండా అంగీకరించడం. అది గౌరవంలా కనిపించే అలక్ష్యం. షావుకారు వంశావళిని పదిచోట్ల సరిచూసి, కూరలమ్మే స్త్రీ మాటను ఒక్కచోటా సరిచూడకపోతే, ఆమె చరిత్ర అచ్చులోకి వచ్చినా రెండో తరగతిదిగానే మిగులుతుంది. తరువాత వచ్చే విమర్శకుడు ఒక్క వాక్యంతో దాన్ని తోసిపారేయగలడు.

కాబట్టి మౌఖిక సాక్ష్యానికి నమోదు ఇంకా కట్టుదిట్టంగా ఉండాలి. చెప్పినవారెవరు, అప్పటికి వారి వయసెంత, ఎక్కడ, ఏ తేదీన చెప్పారు, ఎదుట ఇంకెవరున్నారు అన్నవి మొదటి పద్దు. ఆ విషయం వారికెలా తెలుసన్నది రెండో పద్దు: కళ్లారా చూసిందా, తల్లి చెప్పిందా, ఊరంతా అనుకున్నదా? ఉత్తరాంధ్ర పలుకుబడిని గ్రాంథికం చేయకుండా, ఆమె మాటనే రాయాలి. 'అప్ప' అన్నచోట 'అక్క' అని దిద్దితే, ఆమె ఆ మాటను ఎవరికి వాడిందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. ధ్వనిముద్రణను భద్రపరచి, ఉదాహరించిన మాట అందులో ఎన్నో నిమిషంలో ఉందో చూపాలి. అదే విషయాన్ని ఇంకో ఇంట్లో, ఆమె మాట వినని మనిషిని విడిగా అడగాలి. ఇద్దరూ ఒకే మూలం నుంచి విని ఉంటే అది రెండు సాక్ష్యాలు కాదు, ఒక్కటే.

ఈ పద్ధతిలో నమోదైన ఒక పద్దు ఎలా ఉండవచ్చో ఊహాత్మకంగా చూడవచ్చు. 'తల్లి పుట్టిన ఊరు అనకాపల్లి దగ్గరిదని కూతురు (సుమారు 70 ఏళ్లు) చెప్పింది. తల్లి నోట విన్నానన్నది. ఊరి పేరు ఆమె పలికినట్టు రాయడమైనది. ఆ పేరుతో రెండు గ్రామాలు ఉన్నాయి. మేనల్లుడు విడిగా చెప్పిన చెరువు ఆనవాలు వాటిలో ఒకదానికే సరిపోతున్నది. బడి, ఓటరు ఆధారాలు దొరకలేదు. నిర్ణయం: సంభావ్యం.' ఇందులో కాగితం ఒక్కటీ లేదు. అయినా చదివినవారు ప్రతి మెట్టునూ సరిచూడగలరు, కొత్త ఆధారం దొరికితే నిర్ణయాన్ని మార్చగలరు. ఏడు తరాల పేర్లను బంగారు అక్షరాలతో అచ్చువేసిన పట్టికకు ఈ గుణం లేదు.

ఇటువంటి పద్దులను ఎక్కడ దాచాలన్నది ఇంకా తేలని ప్రశ్న. సిద్ధాంత వ్యాసం సమర్పించిన తరువాత ధ్వనిముద్రణలు పరిశోధకుడి ఫోనులో ఉండిపోతాయి. ఫోను మారినప్పుడు అవి పోతాయి. పర్యవేక్షకులు వ్యాసప్రతితో పాటు ఆధారాల దస్త్రాన్ని, ముఖాముఖిల ధ్వనిప్రతులను, సమ్మతి పత్రాలను విభాగ గ్రంథాలయంలో జమ చేయాలని కోరవచ్చు. దానికి కొత్త చట్టం అక్కరలేదు, విభాగ సమావేశంలో ఒక తీర్మానం చాలు. మార్కెట్‌లో గోనెపట్టాల మీద కూర్చున్న తరం స్త్రీలలో బాంబుల నాటి సంగతులు తల్లుల నోట విన్నవారి వయసు ఇప్పుడు డెబ్బై దాటింది.